ముందు తెగడమా, ముందు జతవడమా? ఈస్ట్ మియోసిస్ దగ్గర ఇరుక్కుపోయాను, సోమవారం సెమినార్

సిరిపురం_సిరి
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫైనల్, సోమవారం సెమినార్, టాపిక్ నేనే ఏరికోరి తీసుకుని ఇప్పుడు తల పట్టుకు కూర్చున్నా. ఇంటర్లో మనం చదివిన వరస ఏంటి, మియోసిస్‌లో, అదే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజనలో, తల్లి వైపు క్రోమోజోము తండ్రి వైపు క్రోమోజోము పక్కపక్కకి వచ్చి జత కడతాయి, ఆ తర్వాత పాకీటీన్ అనే దశలో ముక్కలు మార్చుకుంటాయి, అంతే కదా. అంటే ముందు పెళ్ళి తర్వాత కాపురం. ఈస్ట్ పేపర్లు తెరిస్తే మొత్తం తిరగేసి ఉంది. స్పో11 అనే ప్రోటీన్ ముందు డీఎన్ఏ రెండు పోగుల్నీ తెగ్గొడుతుందట, ఆ తెగుడు లేకపోతే జత సరిగ్గా కుదరదట. ఇంకో పేపర్లో ఏమో తెగకముందే జతలు ఉన్నాయి అంటున్నారు. రెండూ ఒకే ఈస్ట్, రెండూ పెద్ద ల్యాబులే. ఏది చెప్పాలి నేను? బోర్డు మీద బొమ్మ గీయమంటే ముందు ఏది గీయాలో కూడా తెలీట్లేదు.

గాజువాక_గిరి
అమ్మా నేను ప్లాంట్‌లో మెకానికల్, బయాలజీ టెన్త్‌తో సరి. కానీ ఒక డౌటు. జత కట్టడానికి ముందు తెగ్గొట్టుకోవడం ఏటి? కావాలనే తెగ్గొట్టుకుంటుందా కణం? చచ్చిపోదా?

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
గిరి అన్నా, కావాలనే. అదే దీంట్లో మజా.
సిరీ, నేను ఈస్ట్ మీదే ఆరేళ్ళు పీహెచ్‌డీ వెలగబెట్టాను కాబట్టి నాకు తెలిసింది రాస్తా, కొంచెం పొడుగవుద్ది. మనం మాట్లాడేది బ్రెడ్డులో వేసే ఈస్టే, సాకరోమైసిస్ సెరివిసియే, 16 రకాల క్రోమోజోములు, ద్వయస్థితిక కణంలో 16 జతలు. తిండి బాగా ఉన్నంతసేపు మొగ్గలు తొడుక్కుంటూ పోద్ది, నైట్రోజన్ తీసేసి ఎసిటేట్‌లో పడేస్తే అప్పుడు మియోసిస్‌లోకి దిగుద్ది. దిగాక కొన్ని గంటలకి స్పో11 వచ్చి ఒక్కో కణంలో సుమారు 150 నుంచి 200 చోట్ల డీఎన్ఏని తెగ్గొడుద్ది. వాటిలో ఓ 90 దాకా క్రాసోవర్లు, అంటే ముక్కల మార్పిడులు అవుతాయి, మిగతావి ముక్క మార్చుకోకుండానే అతుక్కుంటాయి. తెగ్గొట్టేది స్పో11 అని 1997లో తేలింది, తెగిన చివరకి ఆ ప్రోటీనే అంటుకుని ఉంటే పట్టుకున్నారు. తనలోని టైరోసిన్ అనే ఒక అమైనో ఆమ్లంతో డీఎన్ఏ పోగుని పట్టుకుని తెంపుద్ది, చివర వదలదు, దొంగ దొరికిపోయినట్టు. తర్వాత ఎంఆర్ఈ11 అనే ప్రోటీన్ల గ్యాంగు వచ్చి ఆ స్పో11ని చిన్న డీఎన్ఏ ముక్కతో సహా కత్తిరించి పారేసి, ఒక పోగుని వెనక్కి కొరుక్కుంటూ పోద్ది, రెండో పోగు తోకలా మిగులుద్ది. ఆ తోక మీద ర్యాడ్51, డీఎంసీ1 అనే ప్రోటీన్లు వరసగా పేరుకుంటాయి. ఆ తోకే వెతుక్కుంటూ వెళ్ళేది. తనలాంటి అక్షరాల వరస ఎక్కడుందో చూసుకుని అందులోకి దూరుద్ది. అంటే తెగడం అనేది ఈస్ట్‌లో పార్టనర్‌ని గుర్తుపట్టే పద్ధతి. తెగకపోతే తోక లేదు, తోక లేకపోతే పేరు పిలిచి అడిగే నాథుడు లేడు.

గాజువాక_గిరి
ఓహో. మా దగ్గర కన్వేయర్ బెల్టు తెగితే పక్కన అదే సైజు కన్వేయర్ చూసి కొలత తీసుకుని జాయింట్ వేస్తాం. అలాగన్నమాట.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
సూపర్ అన్నా, నా థీసిస్‌లో కూడా ఇంత బాగా రాయలేదు. కానీ ఒక చోట మీ పోలిక కుదరదు. మియోసిస్‌కి ముందే డీఎన్ఏ కాపీ అయిపోద్ది కదా, కాబట్టి తెగిన పోగుకి ఆనుకునే అచ్చు అలాంటి సిస్టర్ ఉంటుంది. మామూలు కణం అయితే ఆ సిస్టర్‌ని చూసే బాగుచేసుకుంటుంది, ఎందుకు దూరం పోవాలి. మియోసిస్‌లో మాత్రం హాప్1, రెడ్1, ఎంఈకే1 అనే మూడు ప్రోటీన్లు కలిసి సిస్టర్ వైపు దారి మూసేస్తాయి. పూర్తిగా కాదు, ఇరుకు చేస్తాయి. అక్క పక్కనే ఉన్నా అడక్కూడదు, అవతలి ఇంటికి వెళ్ళి సంబంధం కలుపుకు రావాలి. అసలు ఉద్దేశం బాగుచేసుకోవడం కాదు, కలుపుకోవడం.

సిరిపురం_సిరి
ఇది చాలా బాగుంది ఈశ్వర్ గారు, థాంక్యూ. కానీ నా అసలు డౌటు అలాగే ఉంది. ఇంటర్ పుస్తకం తప్పా?

ఉల్లివేరు_మాస్టారు
అమ్మాయ్, పుస్తకం తప్పు అనే ముందు ఆ వరస ఎలా వచ్చిందో చూడాలి. నేను బాటనీ చెప్పి రిటైరయినవాణ్ణి. ఉల్లి పూమొగ్గల్లోంచి పరాగకోశాలు తీసి ఎసిటోకార్మైన్ వేసి బొటనవేలితో అదిమి స్లైడు చేసేవాళ్ళం, ఉల్లివేరులో మియోసిస్ రాదు పూమొగ్గలోనే వస్తుందని ఏటా ఓ పది మందికైనా చెప్పాల్సొచ్చేది. జైగోటీన్‌లో సన్న దారాలు పక్కపక్కకి రావడం కనిపిస్తుంది, అకాడమీ పుస్తకంలో సూత్రయుగ్మనం అనేవారు. తర్వాత పాకీటీన్‌లో లావుగా ఒకటే దారంలా కనిపిస్తుంది. ఇంకా తర్వాత డిప్లోటీన్‌లో కయాస్మాలు, అక్కడ వినిమయం జరిగినట్టు ఆనవాలు. సూక్ష్మదర్శినిలో ఏది ముందు కంటపడితే అది ముందు జరిగిందని రాశారు. డీఎన్ఏ తెగడం మా మైక్రోస్కోప్‌లో కనపడదు కదా! కనపడనిదాన్ని వరసలో ఎక్కడ పెడతాం.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
మాస్టారూ దండం. సిరీ ఈ ముక్క నీ సెమినార్‌లో మొదటి నిమిషంలోనే పెట్టు. పుస్తకంలో వరస అనేది కంటికి కనిపించిన వరస. తెగుడు కంటికి కాదు, జెల్ మీద కనపడింది. 1989లో జాక్ షోస్టాక్ ల్యాబ్ వాళ్ళు ఏఆర్‌జీ4 అనే జీను దగ్గర మియోసిస్‌లో డీఎన్ఏ తెగుతోందని సదరన్ బ్లాట్ (డీఎన్ఏ ముక్కల్ని జెల్‌లో సైజు వారీగా విడదీసి కావాల్సిన ముక్కని పట్టే పద్ధతి) మీద చూపించారు. 1991లో నాన్సీ క్లెక్నర్ ల్యాబ్ వాళ్ళు ఇంకో అడుగు వేసి, ఒకే కల్చర్‌లోంచి గంట గంటకీ శాంపిల్ తీసి, సగం బ్లాట్‌కి సగం మైక్రోస్కోప్‌కి పంపి పక్కపక్కన పెట్టి చూశారు. తెగుళ్ళు ముందు వచ్చాయి, క్రోమోజోముల మధ్య జిప్పులాంటి ఆ సైనాప్టోనీమల్ కాంప్లెక్సు తర్వాత వచ్చింది. అక్కడితో వరస తిరగబడింది.

నులిపురుగు_నూకరాజు
ఆగండాగండి ఈశ్వర్ భాయ్, మీ ఈస్టోళ్ళు ఎప్పుడూ ఇంతే, మీ కుండలో జరిగిందే లోకం అంతా అనుకుంటారు. నేను సీ ఎలిగాన్స్ పురుగు మీద పని చేశాను. మా పురుగులో స్పో11 తీసేసినా జతలు నిక్షేపంలా కడతాయి, జిప్పు కూడా పడుద్ది, క్రాసోవర్లే ఉండవు. 1998లోనే చూపించారు. ఆడ పండుఈగల్లో (డ్రోసోఫిలా) కూడా అదే కథ, అదే ఏడాది. మా పురుగులో ఒక్కో క్రోమోజోముకి ఒక కొసన పెయిరింగ్ సెంటర్ ఉంటుంది, దాన్ని పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి, ఆరు క్రోమోజోములకి నాలుగు ప్రోటీన్లు, నేమ్‌ప్లేట్ లాగ. తెగి వెతుక్కోవాల్సిన ఖర్మ లేదు.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
ఒప్పుకున్నా నూకరాజూ. తెగుడు మీదే ఆధారపడేవి ఈస్టు, ఎలుక, ఆవమొక్కల చుట్టం అరబిడాప్సిస్. మీ పురుగు, ఈగ వేరే రూటు. టైటిల్లో సిరి ఈస్ట్ అనే రాసింది కాబట్టి ఆ మాట ఊరికే నాకు కలిసొచ్చింది.

గాజువాక_గిరి
స్పో11 తీసేస్తే ఈస్ట్ ఏమవుద్ది మరి? చచ్చిపోద్దా

సిరిపురం_సిరి
గిరి గారూ ఇది నాకు తెలుసు :) కణం చావదు, మియోసిస్ పూర్తి చేసేస్తుంది, నాలుగు సిద్ధబీజాలు కూడా వస్తాయి, కానీ అవి మొలకెత్తవు. ఎందుకంటే క్రాసోవర్ లేకపోతే జతలో రెండిటికీ మధ్య లంకె ఉండదు, ఎటు పోవాలో తెలీక ఇష్టమొచ్చిన వైపు పోతాయి. 16 జతలూ సరిగ్గా విడిపోవాలంటే 16 సార్లు వరసగా బొమ్మ పడాలి, అంటే 65,536లో ఒక్కసారి. అందుకే దాదాపు అన్నీ చస్తాయి.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
దగ్గరికొచ్చావు గానీ లెక్క కొంచెం కఠినంగా వేశావు. నువ్వు లెక్కేసింది కణం మొత్తానికి, నాలుగు బీజాలూ పర్ఫెక్ట్‌గా ఉండాలంటే ఎంత అని. ఒక్క బీజం బతకాలంటే ఏం కావాలి, 16 రకాల్లో ప్రతిదీ కనీసం ఒకటి ఉంటే చాలు, ఈస్ట్‌లో ఒకటి ఎక్కువైతే తట్టుకుంటుంది, ఒకటి తక్కువైతే మాత్రం చావే. ఒక జత గాలికి పోతే ఒక కొసకి కనీసం ఒకటి చేరే అవకాశం నాలుగింట మూడు. మూడుబైనాలుగుని 16 సార్లు హెచ్చవేయి, సుమారు 1 శాతం. స్పో11 లేని ఈస్ట్‌లో బతికే బీజాలు ఎంతంటే అటూ ఇటూగా అంతే, 1 శాతం లోపు. ఇంటర్ పిల్లల ప్రాబబిలిటీ లెక్క ల్యాబు ప్లేటు మీద అలా దిగిపోతే నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది ఫస్ట్ టైం.
ఇంకో చిట్కా, స్పో13 అనే జీను కూడా తీసేస్తే మియోసిస్‌లోని రెండు విభజనల్లో మొదటిది ఎగిరిపోద్ది, ఒకటే విభజన, రెండు ద్వయస్థితిక బీజాలు. స్పో11 లేకపోయినా అవి చక్కగా బతుకుతాయి. అంటే చంపుతున్నది విడిపోవడంలో గందరగోళమే, ఇంకేదీ కాదు.

అడ్మిన్_డాల్ఫిన్‌కొండ
చర్చ బాగుంది. మధ్యలో ముంతాజ్ బిర్యానీ బాగుంటుందా అని ఎవరో పెట్టిన పోస్టు తీసేశాను, వేరే గదిలో అడగండి.

సిరిపురం_సిరి
లెక్క దిద్దినందుకు థాంక్స్, స్లైడ్ మార్చేస్తా. ఇప్పుడు రెండో సగం. 1994లో క్లెక్నర్ ల్యాబే రంగు చుక్కలు పెట్టి చూసి, మియోసిస్ మొదలవకముందే జతలు ఉన్నాయి, డీఎన్ఏ కాపీ అవుతుండగా విడిపోయి మళ్ళీ కలిశాయి, స్పో11తో పని లేకుండానే కొన్ని కలిశాయి అంది. అదే ల్యాబ్ 1991లో తెగుడు ముందు అని, 1994లో జత ముందు అని చెప్తే నేను ఏ స్లైడ్ ముందు పెట్టాలండీ

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
ఇక్కడే అందరూ జారిపడతారు, నేనూ పడ్డాను, నా కాంప్రహెన్సివ్ వైవాలో ఇదే ప్రశ్నకి నీళ్ళు నమిలాను. 1991లో తెగుడుతో పోల్చింది జిప్పుని. 1994లో చూసింది వదులు జతని. "జత" అనే ఒకే మాట కింద వేరే వేరే పనులు దూరిపోయాయి. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం ఇద్దరు అదే వైపు నడుస్తుంటే జతా? చెయ్యి పట్టుకుంటే జతా? తాళి కడితే జతా?

వదులు జత మీద కూడా తగువు ఉంది. 2003లో వేరే ల్యాబ్ వాళ్ళు ఏమన్నారంటే, మామూలు ఈస్ట్ కణంలో సెంట్రోమియర్లు (క్రోమోజోముల నడుములు) అన్నీ ఒక మూల గుంపుగా ఉంటాయి, క్రోమోజోముల చేతులు అటు వేలాడుతుంటాయి, కాబట్టి సెంట్రోమియర్ నుంచి ఒకే దూరంలో ఉన్న రెండు చుక్కలు దగ్గరగా కనిపించడంలో వింతేం లేదు, అది గుర్తుపట్టి జత కట్టడం కాదు, ఒకే హ్యాంగర్‌కి తగిలించిన చొక్కాలు అని. హ్యాంగర్ పోలిక నాదిలే. నాకు వాళ్ళ మాట సబబుగానే అనిపిస్తుంది, అలా అని 1994 పని కొట్టిపారేయలేను.

నీకు కావాల్సింది 2002 పేపరు, షాన్ బర్గెస్ ల్యాబ్ నుంచి. వాళ్ళు చుక్కలు చూడ్డం మానేసి ఒక ట్రిక్ వేశారు. రెండు జత క్రోమోజోముల మీద లాక్స్ అనే చిన్న వరస పెట్టి, క్రీ అనే ఎంజైము వదిలారు. రెండు లాక్స్‌లు నిజంగా గుద్దుకునేంత దగ్గరైతేనే క్రీ వాటిని కలిపి కొత్త ముక్క చేస్తుంది. ఎన్ని గుద్దుకున్నాయో లెక్కెట్టొచ్చు. తేలింది ఏంటంటే, గట్టిగా నిలబడే దగ్గరతనానికి తెగుడూ బాగుచేసే దారీ కావాలి. జిప్పు అక్కర్లేదు. తెగకముందు ఉండే పరిచయాలు ఉన్నాయి గానీ అవి వేరే రకం. సో స్లైడ్ వరస ఇలా పెట్టు: వదులు పరిచయం, తెగుడు, తోక వెతుకులాట, గట్టి పట్టు, ఆఖర్న జిప్పు.

నులిపురుగు_నూకరాజు
జిప్పు ఆఖర్న అన్నారు కాబట్టి దానికి గుర్తుపట్టే తెలివి ఉందా లేదా కూడా చెప్పండి, అమ్మాయిని ఎవరో ఒకరు అడుగుతారు

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
లేదు. 1998లో షర్లీన్ రోడర్ ల్యాబ్ హాప్2 అనే జీను తీసేస్తే జిప్పు పడింది, కానీ తప్పుడు క్రోమోజోముల మధ్య పడింది! జిప్పుకి ఏం తెలుసు, రెండు బట్టలు దొరికితే మూసేస్తుంది, చొక్కాని లుంగీకి కుట్టినా దానికి ఒకటే. సరిచూసే పని తోకదీ డీఎంసీ1దీ. హాప్2 ఆ డీఎంసీ1కి సాయం చేసే ప్రోటీను. ఇందాక చెప్పిన హాప్1, ఈ హాప్2 ఒకే కుటుంబం కాదు, పేర్లు చూసి కంగారు పడకు, పేర్లు పెట్టినవాళ్ళకి దయ లేదు.

గాజువాక_గిరి
తోక అంత పెద్ద డీఎన్ఏలో ఎలా వెతుకుద్ది బాబూ. మొత్తం చదువుద్దా

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
మంచి ప్రశ్న అన్నా. మొత్తం చదవదు, శాంపిల్ చూస్తుంది. 2015లో ఒక్కో అణువునీ విడిగా చూసే పద్ధతిలో తేల్చారు, వరసగా 8 అక్షరాలు కలిస్తే ఆగుద్ది, కలవకపోతే వెంటనే వదిలేసి పోద్ది. ఆగాక మూడేసి అక్షరాలు చొప్పున ముందుకి సరిచూసుకుంటుంది.

సిరిపురం_సిరి
ఆగండి ఆగండి, 8 అక్షరాలు, ఒక్కో చోటికి నాలుగు ఛాయిస్‌లు, 4ని 8 సార్లు హెచ్చవేస్తే 65,536!! మళ్ళీ అదే నంబరు!! ఈస్ట్ జీనోమ్ సుమారు కోటీ ఇరవై లక్షల అక్షరాలు, దాన్ని భాగిస్తే ఓ 183. అంటే ఏ 8 అక్షరాల మాటైనా ఒక పోగు మీద ఊరికే యాదృచ్ఛికంగా ఓ 180 చోట్ల కనపడుద్ది.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
నంబరు కలవడం కాకతాళీయం, 2ని 16 సార్లు 4ని 8 సార్లు ఒకటే కదా, దాంట్లో దేవుణ్ణి చూడకు. కానీ 183 లెక్క బంగారం. కోటీ ఇరవై లక్షల చోట్ల వెతికే పని 183 చోట్లకి తగ్గింది, అక్కడి నుంచి మూడేసి చొప్పున ఏరేయడమే. పైగా ఒక కణంలో ఇలాంటి తోకలు వందల్లో ఒకేసారి వెతుకుతుంటాయి, ఒకటి తప్పు ఇంట్లో దూరినా మిగతావి లాక్కొస్తాయి. పైగా క్రోమోజోముల కొసలు కేంద్రకం గోడకి అంటుకుని ఒక మూలకి గుత్తిగా చేరతాయి, బయటి యాక్టిన్ తాళ్ళు ఆ కొసల్ని పట్టుకుని కుదుపుతుంటాయి. కుదిపితే తప్పుగా తగులుకున్నవి ఊడతాయి అని చాలామంది నమ్మకం.

ఉల్లివేరు_మాస్టారు
గుత్తి అంటే మేము బొకే స్టేజి అనేవాళ్ళం. ఎందుకో తెలీకుండానే చెప్పేవాళ్ళం. పాపం పిల్లలు అడిగేవారు కాదు.

గాజువాక_గిరి
నేను కూడా ఒక ప్రయోగం చేశానండోయ్ నవ్వకండి. మా అత్తారు కొత్తవలస వైపు, మొన్న అక్కడి నుంచి తాటికల్లు తెచ్చి మా పాప స్కూల్ మైక్రోస్కోప్‌లో పెట్టా. గుండ్రంగా చిన్నవి, కొన్నిటికి పక్కన బుడిపెలు. నాలుగు బీజాలు ఎక్కడా కనపడలేదు

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
అన్నా మీరు అసలైన సైంటిస్టు. కల్లులో చక్కెర ఉంది, కడుపు నిండినవాడు మియోసిస్ జోలికి పోడు, ఆ బుడిపెలే మొగ్గలు. నాలుగు బీజాలు చూడాలంటే పస్తు పెట్టాలి. మేం 2 శాతం పొటాషియం ఎసిటేట్‌లో వేసి 30 డిగ్రీల్లో తిప్పేవాళ్ళం. గాలి బాగా ఆడాలి, అది మాత్రం మర్చిపోవద్దు. నా మొదటి టైంకోర్స్‌లో ఫ్లాస్కు సగానికి పైగా నింపేశా, రాత్రి మూడింటి దాకా గంట గంటకీ శాంపిల్ తీసి ఐసులో పెట్టా, వారం కష్టపడి బ్లాట్ చేస్తే తెగిన బ్యాండు ఒక్కటీ లేదు. గైడు గారు వచ్చి ఫ్లాస్కు చూసి ఏమీ అనలేదు, పెద్ద ఫ్లాస్కు తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

నాలుగు బీజాలు ఎలా ఉంటాయంటే, తాటికాయ చెక్కితే మూడు ముంజలు కనపడతాయి చూడండి, అలాగ, కాకపోతే ఇక్కడ నాలుగు. పైన పల్చటి సంచి.

సిరిపురం_సిరి
ముంజలు!! స్లైడ్‌లో పెట్టేస్తా, ఎవరేమనుకున్నా సరే

నులిపురుగు_నూకరాజు
బీజాలు గట్టివి అంటారు కదా, ఎంత గట్టివి?

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఊళ్ళో చెట్టు అన్నది నిలబడలేదు, కరెంటు రోజుల తరబడి లేదు. మా మైనస్ 80 ఫ్రీజర్ కరిగి కింద మడుగు. స్టాకులు చాలావరకు పోయాయి. ఫ్రిజ్ వెనకాల ఎప్పటిదో ఎండిపోయిన స్పోరులేషన్ ప్లేటు (ఈస్ట్‌తో బీజాలు వేయించింది) ఒకటి, పారేద్దామని మర్చిపోయింది, దాన్ని గీకి కొత్త ప్లేటు మీద పెడితే మూడో రోజుకి కాలనీలు. నా థీసిస్‌లో రెండు చాప్టర్లు ఆ ప్లేటువే.

సిరిపురం_సిరి
అప్‌డేట్. సెమినార్ అయిపోయింది! మాస్టారు చెప్పిన "కంటికి కనిపించిన వరస"తో మొదలుపెట్టా, వెనక బెంచీ కూడా తలెత్తింది. ముంజలకి నవ్వారు. ఒక మేడమ్ మాత్రం గట్టిగా పట్టుకున్నారు, స్పో11 ప్రోటీన్ ఉండి తెగ్గొట్టే శక్తి లేకపోతే ఏమవుద్ది అని. నాకు తెలీదండీ చూసి చెప్తానన్నా.

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
మేడమ్ గట్టివారే. 135వ స్థానంలో ఉన్న ఆ టైరోసిన్ ఒక్కటే మార్చేస్తే తెగుడు ఉండదు, ప్రోటీను ఉంటుంది. 2000లో చూస్తే ఆ ఈస్ట్‌లో తొలి వదులు జతలు, స్పో11 అసలే లేని ఈస్ట్ కంటే మెరుగ్గా కనిపించాయి. అంటే కత్తి మొండిదైనా కత్తి పట్టుకున్నవాడు ఇంకేదో పని కూడా చేస్తున్నాడు. ఆ ఇంకేదో ఏమిటన్నది మేడమ్‌ని అడుగు, ప్రాజెక్ట్ ఇస్తారేమో.

గాజువాక_గిరి
ఈశ్వర్ బాబూ ఆ పొటాషియం ఎసిటేట్ ఎక్కడ దొరుకుద్ది, పాప అడుగుతోంది

ఈస్ట్‌కోస్ట్_ఈశ్వర్
కెమికల్ షాపుల్లో ఉంటుందన్నా. కానీ కల్లు ఈస్ట్ మాట వింటుందని గ్యారంటీ లేదు, కొన్ని జాతులు ఎంత పస్తు పెట్టినా బీజాలు వెయ్యవు. ముందు పాపని సీసా మూత వదులుగా పెట్టి ఊపమను, రోజూ, ఓ వారం.